భిన్నాల్లో తప్పులు పోవాలంటే: చింతగింజల నుంచి గుంటల లెక్క దాకా

ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: “భిన్నాల కూడిక పదిసార్లు చెప్పినం, మళ్ల అదే తప్పు చేస్తున్నడు. ఏం చెయ్యాలె?”

తప్పు భిన్నాల్లో కనిపిస్తుంది కానీ దాని వేరు అక్కడ ఉండదు. 12, 18 రెండు ఎక్కాల్లోనూ వచ్చే సంఖ్య ఏదో తోచని పిల్లవాడు 5/12ని, 7/18ని కలపలేడు. 91 ఏ ఎక్కంలో వస్తుందో తెలియని పిల్ల 91/119 దగ్గర ఆగిపోతుంది. అందుకే భిన్నాలను కొన్నాళ్లు పక్కన పెట్టి, కింద చెప్పిన వరుసలో రావాలి. వరుస మార్చితే మళ్లీ మొదటికే వస్తుంది.

1. ముందు సిద్ధం చేసుకోవలసినవి

☐ గళ్ల నోట్‌బుక్, పెన్సిల్, రెండు రంగుల స్కెచ్‌పెన్నులు
☐ 40 చింతగింజలు (గచ్చకాయలైనా, గులకరాళ్లైనా సరే)
☐ 2 నుంచి 12 వరకు ఎక్కాలు; 13, 17, 19 ఎక్కాలు కనీసం ఐదు వరుసలు
☐ రోజుకు అరగంట. గంటసేపు కూర్చోబెడితే రెండో అరగంటలో తప్పులే ఎక్కువవుతాయి

ఎక్కాలు వచ్చాయో లేదో చూడాలంటే పైనుంచి కిందికి చదివించొద్దు. “56 ఏయే ఎక్కాల్లో వస్తుంది?” అని తిప్పి అడగండి. 7, 8 అని వెంటనే చెప్పి, కాస్త ఆలోచించి 2, 4 కూడా చెప్పగలిగితే ముందుకు పోవచ్చు. భిన్నాలకు కావలసింది ఈ తిరగేసిన ఎక్కమే.

2. గుణిజం ఏది, కారణాంకం ఏది

ఈ రెండు పేర్లు తారుమారు కావడం చాలా మామూలు. 12 గుణిజాలు అంటే 12, 24, 36, 48... ఎక్కం పోయినంత దూరం పోతాయి, వాటికి అంతు లేదు. 12 కారణాంకాలు అంటే 12ని శేషం లేకుండా భాగించేవి: 1, 2, 3, 4, 6, 12. ఇవి ఆరే, అక్కడితో అయిపోతాయి.

మాటలతో చెబితే రేపటికి మరిచిపోతారు. గింజలతో చేయించండి.

12 చింతగింజలు ఇచ్చి, ప్రతి వరుసలో సమానంగా ఉండేలా ఎన్ని రకాలుగా పేర్చగలరో చూడమనండి. ఒక వరుసలో 12, రెండు వరుసల్లో ఆరేసి, మూడు వరుసల్లో నాలుగేసి. ఆ వరుసలు, వాటిలోని గింజలే 12 కారణాంకాలు. ఇప్పుడు ఇంకొక్క గింజ కలిపి 13 చేయండి. రెండు వరుసలు పేరిస్తే ఒకటి మిగులుతుంది, మూడు పేర్చినా ఒకటే, నాలుగు పేర్చినా ఒకటే. ఐదు వరుసలు పెడితే మూడు మిగులుతాయి. ఒకే పొడుగు వరుస తప్ప 13కి వేరే దారి లేదు. అదే ప్రధాన సంఖ్య: 1, తాను తప్ప వేరే కారణాంకం లేనిది.

మరి 1 సంగతి? ప్రధాన సంఖ్యకు సరిగ్గా రెండు కారణాంకాలు ఉండాలి. 1కి ఉన్నది ఒక్కటే. కాబట్టి 1 ప్రధాన సంఖ్యా కాదు, సంయుక్త సంఖ్యా (రెండు కంటే ఎక్కువ కారణాంకాలు ఉన్నది) కాదు. సరి సంఖ్యల్లో ప్రధాన సంఖ్య 2 ఒక్కటే.

3. వంద వరకు ప్రధాన సంఖ్యలు: ఆరు గళ్ల జల్లెడ

బడి పుస్తకాల్లో వరుసకు పది గళ్ల చొప్పున వేయిస్తారు. అది తప్పేమీ కాదు కానీ వరుసకు ఆరు గళ్లు పెడితే పని సగానికి సగం తగ్గుతుంది, కారణం కూడా కళ్లకు కనిపిస్తుంది.

మొదటి వరుసలో 1 నుంచి 6, రెండో వరుసలో 7 నుంచి 12, ఇలా రాయండి. 97 నుంచి 100 వరకు పదిహేడో వరుసలో వస్తాయి.

ఇప్పుడు కొట్టివేత:

- 1ని కొట్టేయండి.
- 2ని ఉంచి, రెండో, నాలుగో, ఆరో నిలువు గళ్లన్నిటినీ పైనుంచి కిందికి ఒక్కో గీతతో కొట్టేయండి. అవన్నీ 2 గుణిజాలు.
- 3ని ఉంచి, మూడో నిలువును కొట్టేయండి. 51, 57, 87 లాంటివి ఇక్కడే పోతాయి.
- మిగిలినవి మొదటి, ఐదో నిలువులు. వాటిలో 5 గుణిజాలు తీసేయండి: 25, 35, 55, 65, 85, 95.
- 7 గుణిజాల్లో ఇంకా మిగిలినవి మూడే: 49, 77, 91.

నిలువు గీతలు పోగా విడిగా కొట్టవలసినవి 1 కాక తొమ్మిదే. మిగిలిన 25 ఇవి:

2, 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29, 31, 37, 41, 43, 47, 53, 59, 61, 67, 71, 73, 79, 83, 89, 97.

7 దగ్గరే ఎందుకు ఆగాం, 11 గుణిజాలు ఎందుకు కొట్టలేదు అని పిల్లలు అడగాలి. అడగకపోతే మీరే అడగండి. 11×2, 11×3, 11×5, 11×7 అన్నీ చిన్న సంఖ్యల చేతుల్లో ముందే పోయాయి. 11 ఒంటరిగా మొదట కొట్టేది 11×11, అంటే 121. అది వంద దాటింది. పట్టిక బట్టీ పట్టేకన్నా ఈ కారణం అర్థం కావడం ముఖ్యం, తరువాతి మెట్టు దీని మీదే నిలుస్తుంది.

4. వంద దాటిన సంఖ్యను పరీక్షించడం

221 ప్రధాన సంఖ్యా? చూడ్డానికి అలాగే ఉంటుంది.

ముందు ఎక్కడిదాకా పరీక్షించాలో తేల్చుకోవాలి. 14×14 = 196, 15×15 = 225. కాబట్టి 14 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలు చాలు: 2, 3, 5, 7, 11, 13. అంతకంటే పెద్ద కారణాంకం ఉంటే దాని జత 14 లోపలే దొరుకుతుంది.

- 2: చివరి అంకె 1, పోదు.
- 3: అంకెల మొత్తం 2+2+1 = 5, పోదు.
- 5: చివర 0 గానీ 5 గానీ లేదు.
- 7: 7×31 = 217, శేషం 4.
- 11: ఒకటి విడిచి ఒకటి అంకెలు కలిపితే 2+1 = 3, మధ్యలో 2. తేడా 1. తేడా 0 గానీ 11 గుణిజం గానీ అయితేనే పోతుంది.
- 13: 13×17 = 221. దొరికింది.

అదే 211 తీసుకుంటే ఈ ఆరింటిలో ఏదీ పోదు. అది ప్రధాన సంఖ్యే.

ఇక్కడ జరిగే తప్పు 2, 3, 5 చూసి ఆపేయడం. పరీక్షల్లో పిల్లలను పడగొట్టేవి 7, 11, 13తో పోయే సంఖ్యలే: 91, 119, 133, 143, 161, 187. వీటిని ఒక కాగితం మీద రాసి చదువుకునే చోట గోడకు అతికించండి.

5. ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం

పద్ధతి సులువే: అతి చిన్న ప్రధాన సంఖ్యతో మొదలుపెట్టి, అది పోయినంతవరకు భాగిస్తూ, ఆపై తరువాతిదానికి పోవాలి.

వరంగల్ పిన్‌కోడ్ మొదటి మూడంకెలు 506. 2తో భాగిస్తే 253. 3తో పోదు, 5తో పోదు, 7తో పోదు. 11కి: 2+3 = 5, మధ్యలో 5, తేడా 0, పోతుంది. 253 ÷ 11 = 23. కాబట్టి 506 = 2×11×23.

మన తెలంగాణలో భూమి కొలతకు ముఖ్యమైన సంఖ్య ఇంకొకటి ఉంది: ఎకరానికి 40 గుంటలు. 40 = 2×2×2×5. అందుకే ఎకరాన్ని ఇద్దరికి, నలుగురికి, ఐదుగురికి, ఎనిమిది మందికి, పది మందికి పంచితే గుంటలు సరిగ్గా వస్తాయి. 40లో 3 లేదు కాబట్టి ముగ్గురికి పంచితే గుంట ముక్కవుతుంది. గుంటకు 121 చదరపు గజాలు, 121 = 11×11, అందులోనూ 3 లేదు. రెండున్నర ఎకరాలు, అంటే 100 గుంటలు ముగ్గురు అన్నదమ్ములకు వస్తే ఒక్కొక్కరికి 33 గుంటల మీద 40 గజాలు, ఇంకా గజంలో మూడో వంతు. ఎంత కొలిచినా ఆ మూడో వంతు పోదు.

ఇదే కారణంతో హారంలో 2, 5 మాత్రమే ఉన్న కనిష్ఠ రూప (ఇక కుదించలేని) భిన్నాలు దశాంశాల్లో తెగుతాయి (3/8 = 0.375), 3 గానీ 7 గానీ ఉంటే తెగవు (1/3 = 0.333...).

6. క.సా.గు., గ.సా.భా. విడివిడిగా

కనిష్ఠ సామాన్య గుణిజం (క.సా.గు.), గరిష్ఠ సామాన్య భాజకం (గ.సా.భా.) రెండింటికీ భాగహార నిచ్చెన (సంఖ్యలను పక్కపక్కన రాసి, భాగించేదాన్ని ఎడమ వైపు, వచ్చినవాటిని కింద రాస్తూ పోయే పద్ధతి) ఒకటే కనుక పిల్లలు కలిపేసుకుంటారు. తేడా ఎక్కడ ఆగాలన్నదే.

గ.సా.భా. కోసం అన్ని సంఖ్యలనూ భాగించేది దొరికినంతవరకే పోవాలి. క.సా.గు. కోసం కనీసం రెండింటిని భాగించేది దొరికినంతవరకు పోవాలి. పోని సంఖ్యను అలాగే కిందికి దింపాలి.

8, 12, 18ల క.సా.గు.:

- 2తో: 4, 6, 9
- 2తో: 2, 3, 9
- 3తో: 2, 1, 3
- ఇక రెండింటిని భాగించేది లేదు. 2×2×3×2×1×3 = 72.

ఇప్పుడు చాలామంది చేసే తప్పు చూడండి. 12, 18 రెండూ 6తో పోతాయి కదా అని తొందరపడి 6తో మొదలుపెడతారు. 8 దిగుతుంది: 8, 2, 3. తరువాత 2తో: 4, 1, 3. గుణిస్తే 6×2×4×1×3 = 144. జవాబు రెట్టింపైంది. ఎందుకంటే 6లో ఉన్న 2, పక్కనే ఉన్న 8లో కూడా ఉంది. దాన్ని 8 నుంచి తీయకుండా వదిలేశాం. నిచ్చెనకు ఎడమ వైపు ప్రధాన సంఖ్యలే రాయాలన్న నియమం అందుకే. 72, 144 రెండూ 8, 12, 18 ఎక్కాల్లో వస్తాయి కాబట్టి సరిచూసినా ఈ తప్పు దొరకదు. పిల్లవాడి జవాబు కాదు, నిచ్చెన చూడాలి.

ఇంకో తప్పు: రెండు సంఖ్యల లబ్ధం వాటి క.సా.గు., గ.సా.భా.ల లబ్ధానికి సమానం (12×18 = 216 = 36×6). దీన్ని మూడు సంఖ్యలకు వాడేస్తారు. 8, 12, 18లకు అది కుదరదు: 72×2 = 144, లబ్ధం 1728.

మాటల లెక్కల్లో క.సా.గు. ఎప్పుడు వాడాలి? రెండు పనులు ఒకేసారి మొదలై మళ్లీ ఎప్పుడు కలుస్తాయని అడిగితే. ఒకేసారి మొదలవడం అన్నది మరవొద్దు. మేడారం జాతర రెండేళ్లకోసారి, గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకోసారి. 2, 12ల క.సా.గు. 12 కాబట్టి పన్నెండేళ్లకోసారి రెండూ ఒకే ఏడాది వస్తాయని పిల్లలు రాస్తారు. జాతర 2022, 2024 ఇలా సరి సంవత్సరాల్లో జరుగుతోంది. పుష్కరాలు 1991, 2003, 2015లో వచ్చాయి, అన్నీ బేసి. ఈ వరుసలు ఇలాగే సాగితే రెండూ ఒకే ఏడాది ఎప్పటికీ కలవవు. క.సా.గు. ఎడం చెబుతుంది, మొదలు చెప్పదు.

7. భిన్నాన్ని కుదించడం

“చారానా కోడికి బారానా మసాలా” అంటాం కదా. రూపాయికి పదహారణాలు కాబట్టి చారానా 4/16, బారానా 12/16. లవహారాలను 4తో భాగిస్తే 1/4, 3/4. పావు, ముప్పావు. మసాలా ఖర్చు కోడికి మూడింతలు. కుదించడం అంటే ఇంతే: విలువ మారదు, అంకెలు చిన్నవవుతాయి.

చిక్కంతా 91/119 లాంటివాటి దగ్గర. 2, 3, 5 పోవు కాబట్టి ఇది కుదరదని వదిలేస్తారు. ఒక మంచి కిటుకు ఉంది: లవం, హారం రెండింటినీ భాగించే సంఖ్య వాటి తేడాను కూడా భాగించి తీరాలి. 119 − 91 = 28. 28లో ఉన్న ప్రధాన సంఖ్యలు 2, 7 మాత్రమే. 2 పోదు. 7 ప్రయత్నిస్తే 13/17. పని అయిపోయింది.

57/95: తేడా 38 = 2×19. 19తో భాగిస్తే 3/5. ఇంత పెద్ద ఉమ్మడి కారణాంకాన్ని వరుసగా వెతికితే పిల్లలకు ఓపిక ఉండదు, తేడాలో చూస్తే వెంటనే దొరుకుతుంది.

8. పోల్చడం, కూడిక: ఎకరం బొమ్మ

గళ్ల నోట్‌బుక్‌లో అడ్డంగా 8, నిలువుగా 5 గళ్ల దీర్ఘచతురస్రం గీయండి. మొత్తం 40 గళ్లు. ఇది ఎకరం, ఒక్కో గడి ఒక్కో గుంట.

3/8, 2/5లలో ఏది పెద్దది? 3/8 అంటే ఎనిమిది నిలువుల్లో మూడు: 15 గళ్లు. 2/5 అంటే ఐదు అడ్డ వరుసల్లో రెండు: 16 గళ్లు. ఒక్క గుంట తేడాతో 2/5 పెద్దది. రెండూ కలిపితే 31 గుంటలు, 31/40. 31 ప్రధాన సంఖ్య, 40లో పోదు, కాబట్టి కుదించే పని లేదు.

లవాలు లవాలు, హారాలు హారాలు కలిపి 5/13 అని రాసిన పిల్లవాడికి “తప్పు” అని చెప్పి ఊరుకోవద్దు. 40 గుంటల్లో 5/13 అంటే 15 గుంటలకు కాస్త పైన. మొదటే 16 గుంటలు చేతిలో ఉండగా ఇంకో 15 కలిపితే తగ్గుతుందా అని అడగండి. ఆ ప్రశ్నతో తప్పు వాడికే కనిపిస్తుంది.

బొమ్మ లేకుండా చేసే వరుస:

- హారాల క.సా.గు. కనుక్కోండి (12, 18లకు 36).
- హారాన్ని ఎంతతో గుణించారో లవాన్నీ అంతతోనే గుణించండి: 5/12 = 15/36, 7/18 = 14/36.
- లవాలే కలపండి, హారం అలాగే ఉంచండి: 29/36.
- కుదురుతుందేమో చూడండి. 29 ప్రధాన సంఖ్య, 36లో పోదు.

హారాలను నేరుగా గుణించి 216 పెట్టినా జవాబు వస్తుంది, కానీ 174/216 నుంచి 29/36కి రావాలి. ఆ దారిలోనే తప్పులు దొర్లుతాయి.

9. తీసివేతలో అప్పు: 100 కాదు, 40

నాలుగుంబావు ఎకరాల్లోంచి రెండుముప్పావు ఎకరాలు తీయాలి. పావులోంచి ముప్పావు పోదు. ఒక ఎకరాన్ని విడగొట్టి నాలుగు పావులు చేయాలి: 4¼ = 3 5/4. ఇప్పుడు 3 5/4 − 2¾ = 1 2/4, అంటే ఎకరన్నర.

ఇదే లెక్క ఎకరాలు, గుంటల్లో రాస్తే 4-10 లోంచి 2-30. కొందరు గీతకు బదులు చుక్క పెట్టి 4.10, 2.30 అని రాస్తారు. అక్కడే పెద్దవాళ్లు కూడా పొరబడతారు. క్యాలిక్యులేటర్‌లో కొడితే 1.80 వస్తుంది. ఎకరంలో ఉండేవే 40 గుంటలైతే 80 గుంటలు ఎక్కడివి? చుక్క తరువాత ఉన్నవి దశాంశాలు కావు, గుంటలు. అప్పు తెచ్చేటప్పుడు 40 తేవాలి: 10+40 = 50, 50−30 = 20. జవాబు 1-20.

భూమి కాగితం చదివేటప్పుడు:

☐ 2.20 అంటే రెండు ఎకరాల ఇరవై గుంటలు, రెండున్నర ఎకరాలు, 2.2 ఎకరాలు కాదు
☐ 1.05 అంటే ఎకరం ఐదు గుంటలు, అంటే 1 1/8 ఎకరం
☐ చుక్క తరువాతి సంఖ్య 40 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, అది గుంటల లెక్క కాకపోవచ్చు. ఏ కొలతలో రాశారో అడిగి తెలుసుకోవాలి

10. గుణకారం, భాగహారం

కూడికకన్నా ఇవి సులువు, ఉమ్మడి హారం అక్కర్లేదు. గుణకారంలో ముందే కొట్టివేయాలి: 14/15 × 25/28లో 14, 28లు 1, 2 అవుతాయి, 25, 15లు 5, 3 అవుతాయి. జవాబు 5/6. ఈ అడ్డ కొట్టివేత గుణకారంలోనే చెల్లుతుంది. 2/3 + 3/4లో రెండు 3లూ కొట్టేసేవాళ్లు చాలామంది. అది ఎంతమాత్రం కుదరదు.

ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకుపోతే 4 క్వింటాళ్ల 60 కిలోలు తూగిందనుకుందాం. 60/100 = 3/5, అంటే 4 3/5 = 23/5 క్వింటాళ్లు. క్వింటాల్‌కు 7000 రూపాయలైతే 23 × 1400 = 32,200. అదే 4 క్వింటాళ్ల 6 కిలోలైతే 4.6 కాదు, 4.06.

భాగహారంలో రెండో భిన్నాన్నే తిప్పాలి. ముప్పావు కిలో కారాన్ని అద్దపావు పొట్లాలు కడితే ఎన్ని? 3/4 ÷ 1/8 = 3/4 × 8/1 = 6. 750 గ్రాముల్లో 125 గ్రాములు ఆరుసార్లు. మొదటి భిన్నాన్ని తిప్పితే 1/6 వస్తుంది. ఆరో వంతు పొట్లం కట్టలేం కాబట్టి తప్పు వెంటనే తెలుస్తుంది.

11. తప్పును బట్టి వెనక్కి ఎక్కడికి పోవాలి

☐ హారాలు కలిపేస్తున్నారా: 8వ మెట్టు, ఎకరం బొమ్మ
☐ ఉమ్మడి హారం మరీ పెద్దది వస్తోందా: 6వ మెట్టు, నిచ్చెన ఎడమ వైపు చూడండి
☐ జవాబును కుదించకుండా వదిలేస్తున్నారా: 7వ మెట్టు, అక్కడా ఆగితే 4వ మెట్టు
☐ గుణిజం అడిగితే కారణాంకం రాస్తున్నారా: 2వ మెట్టు, మళ్లీ గింజలు
☐ పద్ధతి సరే, అంకె తప్పుతోందా: ఎక్కాలు, అదీ తిప్పి అడగాలి

12. చేసి చూసుకోండి

1. 143, 149, 161, 187లలో ప్రధాన సంఖ్య ఏది?
2. 85/119ని కుదించండి.
3. 5/6 + 3/10 ఎంత?
4. 6-05 ఎకరాల్లోంచి 3-35 అమ్మితే మిగిలేది ఎంత?
5. నాలుగున్నర మీటర్ల గుడ్డలో ముప్పావు మీటరు ముక్కలు ఎన్ని?

జవాబులు: 1) 149. 2) తేడా 34, అందులో 17 ఉంది, 5/7. 3) 34/30 = 17/15 = 1 2/15. 4) 2-10, అంటే రెండుంబావు ఎకరాలు. 5) 6.

నాలుగో దానికి 2-70 వచ్చినవాళ్లు అప్పు 100 తెచ్చారు. 9వ మెట్టు మళ్లీ చేయండి.